నాలుగు చక్రాలూ లాగే బండి

వనపర్తి,
9 జూన్ 2024

చిన్నాయనకు సుహాసిని దండాలు.

క్షేమంగా ఉన్నానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను. చెవి మిషను పెట్టుకుంటే పిండిగిర్నిలో కూర్చున్నట్టు ఉందని దాన్ని అల్మారాలో పెట్టేశావట, చిన్నమ్మ చెప్పింది. సరే, నీ ఇష్టం. కానీ నీతో ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోతోంది. ఆసుపత్రిలో నర్సులు నేను ఎవరితోనో కొట్లాడుతున్నాననుకుంటున్నారు. ఇక మీదట ఇట్లా రాసుకుందాం. ఒక ఆపరేషనుకూ ఇంకో ఆపరేషనుకూ మధ్య చల్లారిన టీ తాగడం తప్ప నాకు వేరే పని ఉండదు.

విషయం ఏమిటంటే, కారు కొన్నాను. పాతది పోయిన వానాకాలం గోపాలపేట మలుపులో జారి పొలంలోకి దిగింది. అప్పుడు నీకు చెప్పలేదు. తిట్టాలనుకుంటే రెండింటికీ కలిపి ఒకేసారి తిట్టు. మత్తు డాక్టరు బతుకు నీకు తెలుసు కదా. గద్వాలలో ఒకచోట, వనపర్తిలో ఒకచోట, నాగర్‌కర్నూల్‌లో ఒకచోట కాన్పు డాక్టర్లు కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంటారు, మత్తు ఇచ్చే మనిషి మాత్రం ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. ఆ మనిషి నేనే.

కారు చూడ్డానికి చిన్నది. వెనక తలుపు పైకి లేస్తుంది. హైదరాబాదులో ఒకాయన కొన్నాళ్ళు వాడి అమ్మేశాడు. దాని ఇంజను మాత్రం పందేల్లో పరుగెత్తే కార్ల జాతిది. మామూలు కార్లలో ముందు చక్రాలు లాగితే వెనకవి ఊరికే వెంట వస్తాయి. దీనికి నాలుగూ లాగుతాయి. తడి రోడ్డు మీద ఒకటి జారినా మిగతావి పట్టుకుంటాయి. నీ ట్రాక్టరుకన్నా ఒక మెట్టు ఎక్కువే అనుకో.

కొనేముందు ఔటర్ రింగు రోడ్డు మీద నడిపి చూశాను. కాలు అట్లా ఆనించానో లేదో వీపు సీటుకు అతుక్కుపోయింది. ఎన్నాళ్ళుగానో కళ్ళ మీద వేలాడుతున్న నిద్ర ఒక్కసారిగా వదిలింది. నిజం చెప్పాలంటే అందుకే కొన్నాను. నాకు బండి నేర్పింది నువ్వు, వేరుశనగ చేనులో ట్రాక్టరు మీద కూర్చోబెట్టి. అందుకని ఈ మాట ముందు నీకే రాస్తున్నాను.

సుహాసిని

*

తెలకపల్లి,
18 జూన్ 2024

బిడ్డ సుహాసినికి చిన్నాయన దశరథం దీవెనలు.

మీ చిన్నమ్మ బాలమ్మ నా పక్కనే కూర్చుని అది రాయి ఇది రాయి అంటూ ఉంది. నాకు వినపడదు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. చెవులు పోవడంలో ఇదొక్కటే సుఖం.

నీ కారు ఫోటో ఆమె ఫోనులో చూశాను. ఆమె ఊరంతా చూపించింది. మన నర్సింహులు కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "గింత చిన్నదానికి గన్ని పైసలా, డాక్టరమ్మను ఎవడో మోసం చేసిండు" అన్నాడట. నాకూ ఒక అనుమానం ఉంది. పైసలు తక్కువపడి చిన్నది కొన్నావా? అట్లయితే నాతో ఒక మాట అనకపోయావా? పెద్ద డాక్టరువి, పెద్ద కారులో తిరిగితే మాకూ ముచ్చటగా ఉండేది.

నాలుగు చక్రాలూ లాగుతాయన్న మాట మాత్రం నాకు నచ్చింది. మన ట్రాక్టరు నడిపే ఆశీర్వాదానికి చెబితే, "అయితె దుక్కి గూడ దున్నొచ్చు అన్నా" అని నవ్వాడు. బీచుపల్లి పోయి ఆంజనేయస్వామి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించు. ఈ ఒక్క విషయంలో నీ డాక్టరు చదువు పక్కన పెట్టు.

పొలంలోకి జారిన సంగతి చదివాక రెండు పూటలు నాకు అన్నం సయించలేదు. తిట్టను. ఒక్కటే అడుగుతాను. ఒక ఊరు మానుకో బిడ్డా. మూడు ఊళ్ళ బువ్వ తినమని నీకు ఎవరు చెప్పారు? అన్నిటికన్నా దూరం గద్వాల. అది వదిలేస్తే నువ్వు ఇంట్లో పడుకునే పొద్దు కొంత ఉంటుంది.

దశరథం

*

వనపర్తి,
7 జూలై 2024

చిన్నాయనా,

బీచుపల్లి పోయివచ్చాను. పూజారి కారు ముందు ఇంత పెద్ద కుంకుమ బొట్టు పెట్టి, "గట్టిగ నడపకమ్మా, స్వామి గూడ గంత తొందరగ పోలేదు" అన్నాడు. నిమ్మకాయలు తొక్కించాను. బయటికి వస్తుంటే స్పీడు బ్రేకరుకు కారు కడుపు గీసుకుంది. ఇది నేలకు అంత దగ్గరగా ఉంటుంది. దుక్కి దున్నుతుందని ఆశీర్వాదానికి ఆశ పెట్టకు. పైసలు తక్కువపడి చిన్నది కొనలేదని నర్సింహులుకు కూడా చెప్పు. ఈ చిన్నది పెద్దవాటికన్నా ఎక్కువే తిన్నది, తింటూనే ఉంది. మామూలు పెట్రోలు దీనికి పడదు. మేలురకం పెట్రోలు దొరికే బంకు కోసం దారి తప్పి తిరగాలి.

నడపడం మాత్రం బాగుంటుంది. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, కృష్ణ మీది వంతెన దాటి, పెబ్బేరు వచ్చేదాకా ఆ కాస్సేపు నన్ను ఎవరూ ఏమీ అడగరు. వాన పడుతుంటే మిగతా కార్లన్నీ బిక్కుబిక్కుమంటూ పోతాయి. ఇది నేలను కరుచుకుని పోతుంది. స్టీరింగు అంత తిప్పితే అంతే తిరుగుతుంది. నా జీవితంలో చెప్పిన మాట వినేది ఇదొక్కటే అనిపిస్తుంది.

కానీ ఒక తెలివితక్కువ లెక్క వేసుకున్నాను చిన్నాయనా. తొందరగా ఇల్లు చేరితే ఆ మిగిలిన పొద్దు పడుకోవచ్చనుకున్నాను. ఇప్పుడు గద్వాల వాళ్ళు, మేడంకు కొత్త కారు ఉంది కదా తొందరగా వస్తుందని, ఇంకో కేసు పెట్టుకుంటున్నారు. నాగర్‌కర్నూల్ వాళ్ళూ అంతే. కారు వేగం పెరిగితే పని పెరిగింది. నిద్ర ఎప్పటి నిద్రే.

ఒక ఊరు మానుకోమన్నావు. ఏ ఊరు మానుకోను? గద్వాలలో నేను పోకపోతే ఆ పూటకు మత్తు ఇచ్చేవాళ్ళు ఉండరు. నొప్పులు పడుతున్న మనిషిని కర్నూలుకు తోలేస్తారు. ఆ అంబులెన్సు వెనక పరుగెత్తే వాళ్ళ అమ్మ ముఖం నువ్వు చూడలేదు. నేను చూశాను.

సుహాసిని

*

తెలకపల్లి,
20 జూలై 2024

బిడ్డకు చిన్నాయన రాయునది.

మనసు బాగాలేక చిన్నగా రాస్తున్నాను. మన పాల్ కొడుకు పనికోసం పోయి వస్తూ పెబ్బేరు దగ్గర నిన్ను చూశాడట. లారీని ఎడమ వైపు నుంచి దాటి పోయావట. చెయ్యి ఊపితే చూడనైనా చూడలేదట. "డాక్టరమ్మది కారు గాదు మామా, గాలి" అని చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నువ్వు కాన్పు మనుషుల కోసం పరుగెత్తుతున్నానంటావు. నాకు మాత్రం నీ ధ్యాస ఆ బండి మీద పడ్డదేమో అనిపిస్తోంది. ట్రాక్టరు నేర్చుకునేటప్పుడు కూడా నీకు నెమ్మదిగా పోవడం చేతకాలేదు. తప్పుగా అనుకుంటే క్షమించు.

ఒకసారి రా. పొద్దున వచ్చి పొద్దుగూకే దాకా ఉండు. కారు చేని దాకా తేవాలి, ఆశీర్వాదం చూస్తానని ప్రాణం తీస్తున్నాడు. నాలుగు చక్రాలూ లాగేదానికి బాట భయమేమిటి?

దశరథం

*

నాగర్‌కర్నూల్,
29 ఆగస్టు 2024

చిన్నాయనా,

కోపంలో రాస్తున్నాను. రేపు రాస్తే మర్యాదగా రాస్తానేమో కానీ రేపు నాకు తీరిక లేదు.

ఆదివారం నీ మాట విని చేని బాటలోకి కారు తెచ్చాను. రాయి తగిలి ముందు టైరు పక్కన చీలింది. దీనికి స్టెపినీ ఉండదంటే మీరంతా పడి పడి నవ్వారు. అంతలో ఇక్కడినుంచి ఫోను వచ్చింది, ఆశీర్వాదం మోటారు సైకిలు అడిగి తీసుకుని నేనొక్కదాన్నే వచ్చేశాను. కారు జర చూసుకో అని నీకు చెప్పి వచ్చాను. చూసుకోవడమంటే ముందు చక్రాలు ట్రాక్టరుకు ఎత్తి కట్టి, వెనక చక్రాల మీద నాగర్‌కర్నూల్ దాకా ఈడ్చుకు రావడమా? నన్ను ఒక్క మాట అడగొద్దా?

నాలుగు చక్రాల కారును అట్లా లాగకూడదు. వెనక చక్రాలు దొర్లుతుంటే లోపల గేర్లన్నీ వాటితో పాటు తిరుగుతాయి. ఇంజను ఆగి ఉంటే వాటికి నూనె అందదు. అన్నీ రాసుకుని మాడిపోయాయి. హైదరాబాదు మెకానిక్కు విప్పి ఫోటోలు పంపాడు. ఆ సామాను విదేశం నుంచి రావాలట, ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు. నాలుగు చక్రాలూ నేలకు ఆనకుండా కారును పైకి ఎక్కించుకుపోయే పెద్ద లారీ ఒకటి ఉంటుంది, దాన్ని పిలిపించేదాన్ని. టైరు మార్చుకుంటే పోయేది.

ట్రాక్టరు నడిపిన చేతులకు కనపడినవన్నీ ట్రాక్టర్లే.

సుహాసిని

*

తెలకపల్లి,
4 సెప్టెంబరు 2024

డాక్టరు సుహాసిని గారికి,

నీ ఉత్తరం ఆశీర్వాదానికి కూడా చదివి వినిపించాను. ఆఖరి మాట ఒక్కటి వదిలేశాను.

ఏం జరిగిందో నువ్వు అడగలేదు కానీ చెబుతాను. ఆపరేషను గదిలోంచి నువ్వు బయటికి రాగానే గుమ్మం ముందు నీ బండి టైరు బాగై నిలబడి ఉండాలనుకున్నాం. అదీ మా తప్పు. ఊళ్ళో ఎవరి కారు ఆగినా అట్లాగే ఎత్తి కట్టి తీసుకుపోతాం, ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. రంగు గీరుకోకుండా గొలుసు కింద మీ చిన్నమ్మ తన గొంగడి ఇచ్చింది. గుంతలో పడితే కుదుపు తగులుతుందని ఆశీర్వాదం పెళ్ళి ఊరేగింపు నడిపినట్టు నడిపాడు. దారి పొడుగునా అందరూ అడిగితే మా బిడ్డ బండి అని నేనే చెప్పాను. ఊరు దగ్గర పడ్డాక, "ఏందో మాడిన వాసనొస్తుంది అన్నా" అని నా చెవిలో అరిచాడు వాడు. ట్రాక్టరు క్లచ్చేమో అన్నాను.

ట్రాక్టరుకన్నా ఒక మెట్టు ఎక్కువని రాసింది నువ్వే. నేను ఆ ముక్కే పట్టుకున్నాను. ట్రాక్టరును ఎట్లా లాగినా ఏమీ కాదు, దానికన్నా గట్టిదానికి ఏమవుతుందనుకున్నాను. ఆ లోపలి గేర్ల సంగతి నాకు తెల్వదు.

ఆశీర్వాదం నీకు ముఖం చూపించలేనంటున్నాడు. ఇక మీదట నీ బండిని ముట్టం. నువ్వు కూడా ఇంత దూరం శ్రమపడి రానక్కరలేదు.

దశరథం

*

వనపర్తి,
22 సెప్టెంబరు 2024

చిన్నాయనా,

నన్ను డాక్టరు గారు అనొద్దు. ఆ ఒక్క మాటకు నేను నర్సుల గదిలో కూర్చుని ఏడ్చాను. ట్రాక్టరు మాట నాది, తప్పు నాది. ఆశీర్వాదానికి నేను దండం పెట్టానని చెప్పు. చిన్నమ్మ గొంగడి కాలిపోకుండా వచ్చిందా? నేను అది కూడా అడగలేదు.

ఇప్పుడు బస్సుల్లో తిరుగుతున్నాను. ఎక్కగానే నిద్రపోతాను. కండక్టర్లు నా భుజం తట్టి లేపుతున్నారు. ఒకామె తన సంచి నా తల కింద పెట్టి దిగేటప్పుడు మెల్లగా తీసుకుంది. బస్సు లెక్కన గద్వాలకు వారానికి కొన్ని కేసులే చేయగలుగుతున్నాను. మిగతావాళ్ళు కర్నూలు పోతున్నారు. పోతూ ఏమవుతున్నారో అడగడం మానేశాను.

పాల్ కొడుకు చెప్పిన లారీ సంగతి ఇన్నాళ్ళూ నీకు జవాబు రాయలేదు. ఎందుకంటే ఆ లారీ నాకు గుర్తు లేదు చిన్నాయనా. ఆ పొద్దు పెబ్బేరు దాకా ఎట్లా వచ్చానో కూడా గుర్తు లేదు. చక్రాలు రోడ్డు అంచు గీత ఎక్కి గరగరమంటే కళ్ళు తెరిచాను. నువ్వు వేగం పిచ్చి అనుకున్నావు, నేనూ అట్లాగే అనుకోనిచ్చాను. నిద్రపోయానని రాయడం కన్నా అదే నయమనిపించింది. ఆ కారు రోడ్డును ఎంత గట్టిగా పట్టుకున్నా నా కళ్ళను పట్టుకోలేదు కదా.

మీరిద్దరూ దాన్ని చెడగొట్టి నన్ను బతికించారేమో అని బస్సులో ఒక్కోసారి అనుకుంటాను. నిజంగానే అలిసిపోయాను.

సుహాసిని

*

తెలకపల్లి,
30 సెప్టెంబరు 2024

బిడ్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏమైందని మీ చిన్నమ్మ అడిగితే కాగితం ఆమె చేతికిచ్చాను. ఆమె కూడబలుక్కుని చదివి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ బండి బాగుచేయించకు. సామాను రాకపోతే మేలు. నేను చెడగొట్టినందుకు బాధపడ్డాను, ఇప్పుడు సంతోషపడుతున్నాను, ఏమన్నా అనుకో. గద్వాల వదిలెయ్. నా మీద ఒట్టు. కాన్పులు లోకం పుట్టినప్పటి నుంచి అవుతున్నాయి, నువ్వొక్కదానివి పోకపోతే ఆగవు. మాకు మాత్రం నువ్వు ఒక్కదానివే.

చిన్నాయన

*

వనపర్తి,
2 నవంబరు 2024

చిన్నాయనా,

ఒట్టు పెట్టొద్దు. అది నిలబెట్టుకోలేక ఇన్నాళ్ళు రాయలేదు.

కారు వచ్చింది. సామాను దొరికింది, బాగు చేశారు. నిన్న గద్వాల పోయి వచ్చాను. వంతెన మీద వాన. మళ్ళీ అదే హాయి, నీ దగ్గర దాచను. అక్కడ నర్సమ్మలు నన్ను చూసి, "అమ్మయ్య, మేడం కారొచ్చింది" అన్నారు. నేనొచ్చానని అనలేదు.

ఆదివారం మీ దగ్గరికి వస్తాను. చేనికి కాదు, ఇంటికే. అన్నం తిని పడుకుంటాను. ఫోను చిన్నమ్మకు ఇచ్చేస్తాను. ఎవరు చేసినా ఆమెనే మాట్లాడనీ. ఆ ఒక్క పూట నన్ను ఎవరూ లేపొద్దు.

సుహాసిని

*

తెలకపల్లి,
12 నవంబరు 2024

బిడ్డా,

ఆదివారం నువ్వు ఆ తొందరలో వెళ్ళిపోయావు. మాట్లాడుకోవడానికి వీలు కాలేదు. అందుకని రాస్తున్నాను.

నువ్వు తిన్న చెయ్యి సరిగా కడుక్కోకుండానే నులక మంచం మీద వాలిపోయావు. చిన్నమ్మ ఇంట్లోకి కోడిని కూడా రానియ్యలేదు. మధ్యాహ్నం నీ ఫోను మోగింది. నాకు వినపడలేదు, ఆమె పరుగెత్తడం చూశాను. "ఆమె పండింది, ఇంకెవరినన్న పిలుసుకోండ్రి" అని చెప్పిందట. మళ్ళీ మోగింది. నాగర్‌కర్నూల్ వాళ్ళు, కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోందట, ఆ ఊళ్ళో ఉండే ఇంకో మత్తు డాక్టరు ఊళ్ళో లేడట. చిన్నమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది. చెప్పి, "లేపకు. ఇయ్యాల గూడ లేపితె మనమేం మనుషులం" అని నా చెయ్యి పట్టుకుంది.

నేను నీ మంచం దగ్గర నిలబడ్డాను. నోరు కొద్దిగా తెరుచుకుని పడుకున్నావు. కళ్ళ కింద నల్లగా ఉంది. ఐదు నెలల నుంచి ఊరు మానుకో, పడుకో అని రాస్తున్నది నేనే. లోకంలో కాన్పులు ఆగవని రాసిందీ నేనే. నీ తల మీద చెయ్యి వేశాను. తర్వాత భుజం పట్టి ఊపాను.

నువ్వు లేచావు, నా ముఖం చూడలేదు. చెప్పులు వేసుకుని కారు ఎక్కావు. లేచిన దుమ్ము అణగకముందే మలుపు తిరిగావు. తల్లీబిడ్డ బాగున్నారని నువ్వు చిన్నమ్మకు ఫోను చేసేదాకా నేను గడపలోనే కూర్చున్నాను. ఆమె నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

నిన్ను లేపింది నేను. ఇక నిన్ను ఆగమని ఏ ముఖంతో రాయను బిడ్డా? రాయను. తిన్నావా అని మాత్రం రాస్తాను.

చిన్నాయన

*

నాగర్‌కర్నూల్,
17 నవంబరు 2024

చిన్నాయనా,

నువ్వు లేపలేదు. నేను అప్పటికే మేలుకుని ఉన్నాను.

మొదటిసారి ఫోను మోగినప్పుడే మెలకువ వచ్చింది. నేను పడుకున్నానని చిన్నమ్మ చెప్పడం విన్నాను. రెండోసారి నీ చెవిలో అరిచి చెప్పిందీ విన్నాను. బిడ్డ గుండె నెమ్మదిస్తోందంటే ఎంత పొద్దు మిగిలి ఉంటుందో ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు. అయినా కళ్ళు తెరవలేదు. ఒళ్ళు లేవక కాదు. పడుకున్నానని చెప్పేశారు కదా, ఇంకెవరో చూసుకుంటారులే అనుకుని అట్లాగే ఉన్నాను. నువ్వు నా తల మీద చెయ్యి వేశావు. అదీ తెలుసు. అప్పుడు కూడా తెరవలేదు. అందుకే లేచాక నీ ముఖం చూడలేకపోయాను.

ఏదో ఒక రోజు రోడ్డు మీద పోతానని నువ్వు భయపడ్డావు. నాకూ అదే భయం ఉండేది. ఇట్లా అవుతానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

వచ్చే నెల నుంచి రానని గద్వాల వాళ్ళకు చెప్పేశాను. కర్నూలు నుంచి ఒకమ్మాయి వస్తానందట, వారంలో కొన్ని రోజులే. మిగతా రోజుల్లో కాన్పు మనుషులను మళ్ళీ కర్నూలుకే తోలేస్తారు. కారు ఉంచుకుంటున్నాను. నడపడానికి తక్కువ దూరమే ఉంటుంది, అయినా ఉంచుకుంటున్నాను. నువ్వు నన్ను లేపింది మంచి పనేనని చిన్నమ్మకు చెప్పు, నేను చేసింది చెప్పకు.

నిన్న ఆ బాలింతను ఇంటికి పంపించారు. ఆడపిల్ల. పోయే ముందు ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "పండుకున్న మనిషివి లేసి ఉరికొచ్చినవంట అమ్మా, నువ్వు రాకుంటె నా బిడ్డ దక్కకపోవు" అంది. నేను చేతులు విడిపించుకుని బయటికి వచ్చేశాను.

సుహాసిని